గయ్యాళి నేర్పిన ముఖం

వారమంతా పిట్టల్ని తరిమి జీతం తీసుకునే చక్రధర్, ఆదివారం తెల్లారేసరికి మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని అవే పిట్టల్ని చూడ్డానికి ఉప్పుటేరు గట్టున బురద తొక్కేవాడు. ఇందులో వింతేముందో అతనికి అర్థమయ్యేది కాదు. రన్‌వే మీదకొచ్చిన పిట్ట విమానం ఇంజన్లో పడితే ప్రాణాలు పోతాయి, కాబట్టి తరమాలి. మడచెట్టు మీద వాలిన పిట్ట ఎవరికీ అడ్డం కాదు, కాబట్టి చూడాలి. ఇంత చిన్న సంగతికి బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్లంటే అతనికి చిరాకు. నిజం చెప్పాలంటే అతనికి చాలామంది మీద చిరాకే. అందరికంటే ఎక్కువ చిరాకు కోదండపాణి మీద.

కోదండపాణి రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. పిట్టలు చూసేవాళ్ల క్లబ్బుకి ఆయనే పెద్ద, చక్రధర్ ఉండే కాలనీ కమిటీకీ ఆయనే పెద్ద. గట్టు మీద అడుగుపెట్టాడంటే బైనాక్యులర్స్ కళ్ల మీంచి దించేవాడు కాదు. ఎవరైనా ఫొటో తీస్తున్నా అలాగే నిలబడేవాడు. ఆ క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. ఒక్కరి కళ్లతో చూసిన పిట్ట లెక్కలోకి రాదు. పక్కన ఇంకో సభ్యుడు కూడా చూసి ఔనంటేనే చూసినట్టు. పిట్టలు చూడ్డమంటే ప్రశాంతమైన సరదా అని బయటివాళ్లు అనుకుంటారు. ఈ కట్టుబాటు పుణ్యమా అని ఆ సభ్యుల మధ్య పొలం గట్టు తగాదాలకి తీసిపోని పగలు నడిచేవి.

చలి మొదలైన ఒక ఆదివారం చక్రధర్ కూతురు మేదిని అతని చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, కింద. ఎండుటాకుల్లో. పొన్నంగి."

పదకొండేళ్ల మేదినికి చూపు బాగా తక్కువ. దళసరి అద్దాలు, గుండ్రటి నల్ల ఫ్రేము. అవి తీసేస్తే ఎదురుగా ఉన్న మనిషి కూడా మసక మరకే. అయితేనేం, చెవి మహా చురుకు. ఆకుల చప్పుడు విని అక్కడ నడిచేది పురుగో పిట్టో చెప్పేసేది. తండ్రి వెంట ప్రతి ఆదివారం వచ్చేది. ఆ పిల్లకి పిట్టలంటే అంత ఇష్టం.

చక్రధర్ ఊపిరి బిగబట్టి చూశాడు. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, తోక కింద ఎరుపు, కంటి మీదుగా నల్లటి పట్టీ. అడవిలో తిరగాల్సిన పిట్ట, దారిన పోతూ ఈ ఉప్పునేల మీద దిగింది. ఇదివరకు ఇక్కడ దాన్ని చూసినవాళ్లు లేరు. కోదండపాణి పక్కనే ఉన్నాడు, బైనాక్యులర్స్ సరిగ్గా అటే తిప్పి ఉన్నాడు. పిట్ట రెండు గెంతులు గెంతి ఎగిరిపోయింది.

"చూశారు కదండీ?" అన్నాడు చక్రధర్.

"దేన్నండీ?"

"పొన్నంగి! మీ ఎదురుగానే కదా ఉంది!"

"నాకేం కనపళ్లేదు బాబూ. ఎండుటాకు కదిలిందంతే."

"నేనూ చూశాను తాతగారూ," అంది మేదిని.

కోదండపాణి బైనాక్యులర్స్ కాస్త దించి నవ్వాడు. "ఆయ్, సోడాబుడ్డి కళ్లద్దాలు కదమ్మా నీయి. నీకు ఆకైనా పిట్టలాగే కనపడతాది."

సభ్యులంతా నవ్వారు. మేదిని కళ్లద్దాలు తీసి గౌను అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. చక్రధర్‌కి ఒళ్లు మండిపోయింది. ముసలాడు చూశాడు, చూసి కూడా లేదన్నాడు, ఆ పైన పసిపిల్లని పదిమందిలో నవ్వులపాలు చేశాడు. కూతురికి జరిగిన అవమానానికే ఇంతలా మండుతున్నానని చక్రధర్ అనుకున్నాడు. అందులో సగం నిజం. మిగతా సగం ఆ పొన్నంగి తన పేరు మీద పడలేదనే.

అతను పనిచేసే పక్షి నివారణ కేంద్రం విమానాశ్రయం ప్రహరీ పక్కనే ఉంది. అక్కడున్న యంత్రానికి కాగితాల మీద పొడుగాటి పేరేదో ఉంది గానీ, అందరూ దాన్ని గయ్యాళి అనేవారు. అది చేసేది ఒకే పని, తిట్టడం. కాకి, గోరింక, తీతువు, పసులపోలిగాడు ఆపద చూసి ఎలా అరుస్తాయో ఏళ్ల తరబడి విని, ఆ అరుపుల్లో ఉన్న మాటలు పట్టేసి, అచ్చం వాటిలాగే అరవడం నేర్చుకుంది. ఆపద పైనుంచి వస్తోందా కిందనుంచా, ఎంత దగ్గరుంది, ఎలా ఉంటుంది, అన్నీ ఆ అరుపులోనే ఉంటాయి. ఒక జాతి అరిస్తే ఇంకో జాతి వింటుంది.

చక్రధర్, అతని పై అధికారి అరుంధతీదేవి కలిసి ఆ కిటుకుతోనే రన్‌వే ఖాళీ చేయించారు. పట్టి తెచ్చిన పిట్టల్ని పెద్ద వల గదిలో వదిలి, వాటి ముందు నారింజ చారల బోర్డు నిలబెట్టి, గయ్యాళి చేత చావుకేక పెట్టించేవారు. పిట్టలు బెదిరిపోయి వలకి కొట్టుకునేవి. కొన్నాళ్లకి కేక లేకపోయినా బోర్డు చూసి అవే అరిచేవి. అప్పుడు తలుపు తీసేవారు. బయటికెళ్లిన పిట్టలు మిగతావాటికి నేర్పేవి. వల గది మొహం చూడని పిట్టలు కూడా ఆ బోర్డులు పాతిన రన్‌వే దరిదాపులకి రాకుండా పోయాయి.

అరుంధతీదేవి జాగ్రత్త మనిషి. ఎందుకైనా మంచిదని ఒకసారి ఆ నేర్పినదాన్ని వెనక్కి తిప్పి చూసింది. బెదిరిన పిట్టల్ని మళ్లీ పట్టి, బోర్డు పక్కనే గింజలు చల్లి, మెల్లగా వాటి భయం పోగొట్టి వదిలింది. ఆ పిట్టలు బోర్డు మీద వాలి రెక్కలు దువ్వుకున్నాయి. చుట్టూ ఉన్న మిగతావి ఎప్పట్లాగే అరుస్తూనే ఉన్నాయి.

"చూశావా చక్రధర్? ఆపద ఉందని చెప్పడానికి వాటికి కూత ఉంది. లేదని చెప్పడానికి కూత లేదు. భయం ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది, ధైర్యం పాకదు. అందుకే చెప్తున్నాను, ఈ గదిలోకి మనిషి బొమ్మ రాకూడదు. ఎవరిదైనా సరే."

"ఎవరు పెడతారు మేడం," అన్నాడు చక్రధర్.

అతనే పెట్టాడు. మేడం ఢిల్లీ మీటింగుకి వెళ్లగానే, క్లబ్బు ఫొటోల్లోంచి కోదండపాణివి ఏరి నిలువెత్తు బొమ్మలు చేయించి తెచ్చాడు. పిట్టలు చొక్కా రంగు పట్టుకోకూడదని రకరకాల చొక్కాలవి ఎంచాడు. టోపీ ఉన్నవి, లేనివి కలిపాడు. ఎండలోవి, నీడలోవి కలిపాడు. పాడుపని అయినా పద్ధతిగా చేయడం అతని అలవాటు. మారకూడనిది ముఖం ఒక్కటే. అన్ని బొమ్మల్లోనూ కోదండపాణి ఎప్పట్లాగే బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

గయ్యాళి కేక పెట్టింది. పిట్టలు వలకి కొట్టుకున్నాయి. ఒక కాకి రెక్క విరిగింది. చక్రధర్‌కి కాస్త బాధనిపించింది గానీ ఆపలేదు. ముసలాణ్ణి పిట్టలు దగ్గరికి రానివ్వవు, అంతేగా, ఎవడి ప్రాణం పోతుందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మేడం తిరిగొచ్చేలోపు తలుపు తీసేశాడు.

తర్వాతి ఆదివారాలు అతనికి పండగే. కోదండపాణి గట్టు మీద నిలబడి బైనాక్యులర్స్ ఎత్తేసరికి ఎక్కడో ఒక తీతువు అరిచేది. ఆ వెంటనే ఏరంతా ఖాళీ. కొంగల బారులు లేచిపోయేవి, పొదల్లో చిన్న పిట్టలు నోరు మూసుకునేవి. ముసలాయన అటు తిరిగి ఇటు తిరిగి, ఒట్టి నీళ్లు చూసి, బైనాక్యులర్స్ అద్దాలు తుడుచుకునేవాడు.

"ఏవండీ, ఏం కనపళ్లేదా?" అని పరామర్శించేవాడు చక్రధర్. "ఎండుటాకులైనా చూడండి పోనీ."

ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. చలి పోయేసరికి మిగతా సభ్యులు కూడా గొణగడం మొదలెట్టారు, పిట్టలు నిలవడం లేదని. ఎండలు ముదిరాక ఒక ఉదయం చక్రధర్ ఒక్కడే గట్టుకి వెళ్లి బైనాక్యులర్స్ ఎత్తాడు. తాటిచెట్టు మీది పసులపోలిగాడు గొంతు చించుకుని అరిచి, నిట్టనిలువునా దిగి అతని నెత్తి మీద తన్నింది. చక్రధర్ బైనాక్యులర్స్ దించాడు. అరుపులు ఆగాయి. ఎత్తాడు. మళ్లీ మొదలయ్యాయి, ఈసారి రెండు గోరింకలు కూడా వచ్చి కలిశాయి.

అప్పుడు తెలిసింది అతనికి. పిట్టలు కోదండపాణి ముఖం నేర్చుకోలేదు. వాటికి ఆ ముఖం ఎప్పుడు చూపించాడు గనక? నల్లటి రెండు గుండ్రటి కళ్లున్న తలని చూపించాడు, అదే నేర్చుకున్నాయి. వేరే ఎవడైనా ఆ బొమ్మల్ని చూడగానే, ముఖమేది, అడ్డంగా బైనాక్యులర్స్ ఉన్నాయి కదా అనేవాడు. ఏళ్ల తరబడి ఆ మనిషిని అలాగే చూసి చూసి, చక్రధర్‌కి మటుకు అదే ముఖం.

గూళ్లు కట్టే కాలం వచ్చింది. రన్‌వే మీద బెదిరిన పిట్ట ఎగిరిపోతుంది. గూట్లో పిల్లలున్న పిట్ట ఎగిరిపోదు, మీద పడుతుంది. ఇన్నేళ్లు పిట్టల్ని చూసినవాడికి ఆ ముక్క గుర్తురాకపోవడం విడ్డూరమే. పగ అంటే అలాంటిదే మరి, తెలిసిన విషయాన్ని కూడా తలలోంచి తుడిచేస్తుంది.

ఒకనాడు సాయంత్రం మేదిని స్కూలు నుంచి సైకిలు మీద వస్తోంది. గుండ్రటి నల్ల ఫ్రేము కళ్లద్దాలు. కాలనీ మొదట్లో వేపచెట్టు మీంచి ఒక కాకి అరిచింది. సైకిలు ఇంకో నాలుగు గజాలు కదిలేసరికి పిల్ల మీద కాకుల మూక దిగింది. చుట్టుపక్కలవాళ్లు కర్రలు తీసుకుని పరిగెత్తేసరికి మేదిని రోడ్డు మీద ముడుచుకుని పడి ఉంది. ఒక అద్దం పగిలి కనుబొమ్మలో దిగింది. కుట్లు పడ్డాయి. వెంట్రుకవాసి పక్కన దిగి ఉంటే కన్ను పోయేదని డాక్టర్ చెప్పాడు.

చక్రధర్ భార్య సత్యవేణి ఆస్పత్రి బల్ల మీద కూతురి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పిట్టలు, పిట్టలు అని పసిదాన్ని వెంటేసుకు తిప్పారు. ఇప్పుడు అవే పొడిచి పెట్టాయి. ఇంకోసారి ఆ పేరు ఎత్తారంటే నేనూరుకోనండి."

చక్రధర్ తల వంచుకున్నాడు. చెప్పాల్సిన మాట చెప్పలేదు. భయంతోనే చెప్పలేదు, వేరే కారణం లేదు.

ఫ్రేము మార్చారు. సన్నటిది, పలకలది కొన్నారు. లాభం లేకపోయింది, కళ్ల మీద దళసరి అద్దాలు కనపడితే చాలు పిట్టలకి. అద్దాలు లేకుండా పంపిస్తే పిల్ల గోడకి గుద్దుకుంది. కంటిలోపల పెట్టుకునే అద్దాలు ఆ పవరుకి, ఆ వయసుకి ఇప్పుడే వద్దన్నారు. మేదిని బడి మానేసింది. కిటికీ తలుపులు వేసుకుని గదిలో కూర్చునేది. కిటికీ అవతల గోరింక అరిస్తే ఇదివరకు, అది ఏ కొమ్మ మీదుందో చూద్దామని లేచేది. ఇప్పుడు చెవులు మూసుకునేది.

కేంద్రంలో అతను చెయ్యని ప్రయత్నం లేదు. అరుంధతీదేవికి ఏవేవో సాకులు చెప్పి కాకుల్ని పట్టించాడు. తనే బైనాక్యులర్స్ పెట్టుకుని వల గదిలో నిలబడి, చేతులు రక్కించుకుని, గింజలు చల్లి, వాటి భయం పోగొట్టి వదిలాడు. వదిలినవి అతని భుజం మీద వాలాయి. చుట్టూ చెట్ల మీదున్నవి మటుకు అతని మీద పడి పొడిచాయి. ఒక్కో పిట్టనీ పట్టి మచ్చిక చేసుకోవాలంటే అతని జన్మ చాలదు.

ఈలోగా కాలనీ ఊరుకుంటుందా? కళ్లద్దాలున్న ఇంకో ఇద్దరు ముసలివాళ్లకి దెబ్బలు తగిలాయి. పిట్టలకి ఏదో పిచ్చి రోగం వచ్చిందన్నారు, మనుషుల రక్తం మరిగాయన్నారు. పొద్దున అన్న మాట మధ్యాహ్నానికి పక్క కాలనీకి చేరేది. చెట్లకి వలలు కట్టారు. టపాకాయలు కాల్చారు. పిల్లల జేబుల్లో రాళ్లు వచ్చి చేరాయి. "అవేం చేస్తాయండీ, గూళ్ల కాలం, భయపడుతున్నాయంతే," అని చక్రధర్ ఒక్కొక్కరికీ చెప్పి చూశాడు. విన్నవాళ్లు ఆహా అన్నారు. ఆ మాట ఎవరూ ఇంకొకరికి చెప్పలేదు.

వానలు పడ్డాక కాలనీ వెనక చెరువు దగ్గర తుమ్మచెట్ల మీద ఎప్పట్లాగే కొంగలు గూళ్లు పెట్టాయి. కొమ్మ కొమ్మకీ పిల్లలు. కమిటీ తరఫున కోదండపాణి ఇల్లిల్లూ తిరిగాడు. కాకులు పొడిచిన చెవి మీద కట్టు ఉంది. బైనాక్యులర్స్ ఎప్పుడో పెట్టెలో పడేశాడు. చక్రధర్ ఇంటి గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా చెప్పాడు.

"ఆదివారం పొద్దున్నే గూళ్లన్నీ దులిపేద్దామండి. ఇంటికో మనిషి, చేతికో గెడ. మీ పిల్లకే కదా మొదట తగిలింది, మీరు ముందుండాలి."

"కొంగలు ఎవర్నీ పొడవలేదండీ. వాటినెందుకు?"

"పొడిచేదాకా కూర్చోమంటారా?" వెళ్లబోతూ ఆగాడు ముసలాయన. "అన్నట్టు, ఎలాగూ మానేశాను కాబట్టి చెప్తున్నా. ఆ రోజు పొన్నంగిని నేనూ చూశాను. బ్రహ్మాండంగా చూశాను. మీకు దక్కుతాదంటే నోరు రాలేదు, అంతే."

అందులో పశ్చాత్తాపం వీసమెత్తు లేదు. ఆ ఒక్క మాట కోసం చక్రధర్ ఎంత రగిలిపోయాడు! ఇప్పుడది వింటే ఏమీ అనిపించలేదు. తలుపు వేసేశాడు.

ఆదివారం గెడలు పట్టుకుని జనం తుమ్మచెట్ల వైపు కదిలారు. చక్రధర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వెనక తలుపు తెరుచుకుంది. మేదిని నెలల తర్వాత గది దాటి వచ్చింది. నెత్తికి తువ్వాలు చుట్టుకుంది, మొహానికి హెల్మెట్ అద్దం తగిలించుకుంది. గుప్పిట్లో కంకర రాయి.

"ఎక్కడికమ్మా?"

"గూళ్ల దగ్గరికి. నేనూ కొడతాను."

"వద్దమ్మా. కొంగపిల్లలవి. నువ్వే కదా చూపించావు నాకు, నీలం కొనలున్న ముక్కులు..."

"నన్ను పొడిచాయి నాన్నా! నేనేం చేశాను వాటిని? నీళ్లు పెట్టాను, గింజలు పెట్టాను. ఏం చేశానని పొడిచాయి?"

ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంది, అది తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే. చెప్తే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది, ఈ పిల్ల తనని ఎలా చూస్తుందో తెలియదు. చెప్పకపోతే పిట్టల మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల రాయి పట్టుకుని వెళ్లి కొంగపిల్లల్ని కొడుతుంది, జన్మంతా వాటిని ద్వేషిస్తూ బతుకుతుంది. చక్రధర్ కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"వాటి తప్పు లేదు. నేను నేర్పాను. కోదండపాణి గారి మీద కోపంతో, ఆయన బొమ్మలు పెట్టి, మా యంత్రంతో నేర్పాను. బైనాక్యులర్స్ ఉన్నాయని చూసుకోలేదు. నీ కళ్లద్దాలు అలాగే కనపడతాయని నాకు తట్టలేదమ్మా."

మేదిని అతనికేసి తిరిగింది.

"నాకు కుట్లు పడ్డప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

ఆ పిల్ల రాయి కింద పడేసింది. చెయ్యి విదిలించుకుని, హెల్మెట్ అద్దం పీకేసి, చెరువు వైపు పరిగెత్తింది. గూళ్లు దక్కుతాయని చక్రధర్ గుండె తేలికపడింది. మేదిని గొంతు అక్కడిదాకా వినపడింది.

"కొట్టకండి! పిట్టల తప్పు కాదు! మా నాన్నే నేర్పాడు!"

మూడు మాటలు అరిచింది. మొదటి రెండూ ఎవరికి వినపడ్డాయో తెలియదు. గెడలు చెట్లలోకి లేస్తూనే ఉన్నాయి, గూళ్లు నీళ్లలో పడుతూనే ఉన్నాయి. మూడో మాట మటుకు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పాకింది. పొయ్యి మీది పాలు పొంగేలోపు కాలనీలో తెలియనివాళ్లు లేరు. సగంమంది చెట్ల దగ్గరే ఉండి పని ముగించారు. మిగతా సగంమంది గెడలు పట్టుకుని చక్రధర్ ఇంటికి తిరిగారు. వాళ్లని గుమ్మంలో ఆపింది సత్యవేణి. ఆపి, అందరూ వెళ్లాక, తలుపు గడియ లోపల్నుంచి పెట్టుకుంది. చక్రధర్ బయటే ఉన్నాడు.

ఉద్యోగం ఆ వారమే పోయింది. అరుంధతీదేవి తిట్టను కూడా లేదు, గయ్యాళికి సీలు వేయించి తాళాలు తీసుకుంది. చక్రధర్ ఊరి చివర ఒక గది అద్దెకి తీసుకున్నాడు. వానలు తగ్గి గూళ్ల కాలం పోయాక కాకుల కోపం కొంత చల్లారింది. మేదిని గొడుగు వేసుకుని బడికి వెళ్తోందని తెలిసి, ఒక సాయంత్రం దూరం నుంచైనా చూసుకుందామని కాలనీ మొదటికి వచ్చాడు. మెడలో బైనాక్యులర్స్ లేవు, కళ్లకి అద్దాలు లేవు. వేపచెట్టు మీది కాకులు అతన్ని పట్టించుకోలేదు.

రోడ్డు మీద ఆడుకుంటున్న పిల్లల్లో ఒకరు అతన్ని చూసి గట్టిగా కేక పెట్టారు. ఆ కేక వినగానే మిగతా పిల్లలు అందుకుని అరుస్తూ తలో వైపు పరిగెత్తారు. ఆ వెనకే కిటికీలు మూసుకున్నాయి, కర్రలు బయటికొచ్చాయి. ఆ మొదటి కేక మేదినిది.